స్టెప్నీ లేని మాఘమాసం

మా కారులో స్టెప్నీ లేదన్న సంగతి పొదిలి నుంచి అద్దంకి దాకా నా చేత పెళ్లి చేయించుకున్న ప్రతి ఇంటికీ తెలుసు. పురోహితుడి టైరులో గాలి పోతే పెళ్లివారి పై ప్రాణాలు పైనే పోతాయి. లగ్నం ఎవరి కోసమూ ఆగదు కదా. అందుకని తాంబూలం ఇచ్చి వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి మరీ, "పంతులుగారూ, ఈసారైనా స్టెప్నీ ఉందాండీ?" అని అడిగేవాళ్లు. ఉంది. మా వసారాలో ఉంది. దాని మీద కామేశ్వరి పెంచే చామంతి కుండీ ఉంది.

అది అక్కడెందుకుందంటే, మాది గ్యాసుతో నడిచే బండి, డిక్కీలో సగం దాని సిలిండరే. మిగిలిన సగంలో హోమగుండం, ఇటుకలు, సమిధలు, అడ్డుతెర, పళ్లాలు ఇరుక్కుని కూర్చుంటాయి. వెనక సీటు మడి బట్టలది. ఉతికి ఆరేసిన పట్టుపంచె పక్కన రోడ్డు మీద దొర్లే చక్రాన్ని పెట్టడానికి నా ప్రాణం ఒప్పదు. చాదస్తం అంటారా, అనండి. మా ఆవిడ ముప్పై ఏళ్లుగా అంటూనే ఉంది. ఇక ముందు పక్క సీటు కామేశ్వరిది. పెళ్లిళ్ల రోజుల్లో ఆవిడ నాతోనే వచ్చేది. నాకు కునుకు పట్టకుండా కబుర్లు చెప్పేది, మండపంలో ఆడవాళ్లకి ఏ పళ్లెంలో ఏం సర్దాలో చూపించేది. ఎక్కగానే బెల్టు పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ మరిచిపోయేది. బండి కుయ్ కుయ్ మని అరిస్తే, "మీ బండికి మీకంటే తొందరెక్కువ" అని దాన్ని ఒక మాట, నన్ను ఒక మాట అని అప్పుడు పెట్టుకునేది. "బయల్దేరదామా?" అని నేను అడిగితేగానీ బండి కదిలేది కాదు.

పొదిలి నుంచి ఒంగోలు వెళ్లే రోడ్డు చీమకుర్తి మీదుగా పోతుంది. రాళ్ల లారీలు వెళ్లినంత మేరా కత్తి అంచుల్లాంటి పలుకులు రాలి ఉంటాయి. అవి టైర్లకి పట్టిన శని. ఒకసారి అక్కడ ఇరుక్కుపోయి ముహూర్తానికి అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని వెళ్లాక, కామేశ్వరి మా ఊళ్లో టైర్ల కొట్టు నడిపే మార్క్ దగ్గర ఒక మధ్యాహ్నమంతా స్టూలు వేసుకుని కూర్చుని పంక్చరు వేయడం నేర్చుకొచ్చింది. ఇప్పటి టైర్లలో ట్యూబు ఉండదు కాబట్టి చక్రం విప్పక్కర్లేదట. ఆవిడే ఎందుకు నేర్చుకుందంటే, స్నానం చేసి మడి కట్టుకున్నాక నేను ఆ టైరు ముట్టుకుంటే మళ్లీ తలారా స్నానం చేయాలి. అందుకని పంక్చరు ఆవిడ వేసేది. నేను రెండు బారల దూరంలో పంచె ఎగ్గట్టి నిలబడి టార్చిలైటు పట్టుకునేవాణ్ని.

"లైటు ఇటండీ. నా మొహం మీద కాదు, టైరు మీద."

"టైరు మీదే ఉందే."

"మీరు చెట్టు మీద వేస్తున్నారు."

మా కాపురం అలా సాగుతుండేది. నాకైతే అందులో లోటేమీ కనపడలేదు.

ఆ ఏడు మాఘం రాకముందే మా అమ్మాయి అన్విత తిరుపతి నుంచి ఫోను చేసింది. బ్యాంకులో దాని సెలవు అయిపోయింది. చంటిపిల్లని చూసుకునే దిక్కు లేదు. దానికి అత్తగారు లేరు, అల్లుడు రామకాంత్ ఉద్యోగం వేరే ఊళ్లో, ఆదివారాలు మాత్రమే ఇల్లు చూస్తాడు.

"సరిగ్గా మాఘంలోనా?" అన్నాను. "పెళ్లిళ్లన్నీ నెత్తిమీద పెట్టుకుని అమ్మ ఎలా వస్తుందే?"

"బ్యాంకువాళ్లకి మాఘమాసం ఉండదు నాన్నా" అంది.

కామేశ్వరి మర్నాడు మార్క్ కొట్టు నుంచి పాత టైరొకటి ఆటోలో వేయించుకొచ్చి, వాకిట్లో పడుకోబెట్టి, దానికి తనే ఒక మేకు కొట్టింది. "రండి, కూర్చోండి" అంది పీట చూపించి.

నాకు స్వరం లేకుండా ఏదీ బుర్రకెక్కదు. చిన్నప్పటి పాఠశాల అలవాటు. ఆవిడ చెప్పిన వరసని సన్నగా రాగం తీసి వల్లె వేసుకున్నాను. మేకు పీకు, ఊచతో తోము, జిగురు తాడు సూదికి ఎక్కించు, గుచ్చు, ఒక్క లాగు లాగు, మిగిలిన తోక కోయి. పక్కింటివాళ్లు ఏదో శాంతి చేయిస్తున్నాననుకుని గోడ మీద నుంచి తొంగి చూశారు. మూడోసారికి గాలి నిలిచింది. కామేశ్వరి టైరు మీద సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమోనని ఒంగి చూసి, "పాసయ్యారు" అంది.

ఆ తర్వాత ఒక రేకు డబ్బా తెచ్చి చూపించింది. అందులో ఊచ, సూది, పట్టుకారు, జిగురు తాళ్లు, కారులోనే గుచ్చి గాలి కొట్టుకునే చిన్న మిషను. గాలి సరిపడా ఎక్కగానే దానంతటదే ఆగిపోతుందట. వాటి మధ్యలో సాగే పట్టీ ఉన్న లైటొకటి కనిపించింది. తలకి కట్టుకునేది.

"ఇదేమిటే? నేనేమన్నా గనిలోకి దిగుతున్నానా?"

"రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదండీ."

పిలక పైకి వచ్చేలా దాన్ని కట్టుకుని వసారాలో అటూ ఇటూ పచార్లు చేశాను. కామేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్లంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆవిడ అంతలా నవ్వి చాలా రోజులైంది. నాకు గొప్పగా అనిపించింది.

ఒంగోలు స్టేషనులో రైలెక్కించేటప్పుడు, "ఎన్నాళ్లే?" అని అడిగాను.

"చూద్దామండీ. పిల్ల కాస్త నిలబడనీయండి."

"కాళ్ల మీద నిలబడటమా, ఉద్యోగంలో నిలబడటమా?"

"చామంతికి నీళ్లు మానకండి" అంది. రైలు కదిలింది. తిరిగి వస్తూ బండి ఎక్కి, పక్కకి చూసి, "బయల్దేరదామా?" అన్నాను. నాకే సిగ్గేసింది.

మాఘమంతా పరుగే. మాఘం అంటే మా వైపు మిరప కోతలు కూడాను. ఎటు వెళ్లినా కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయలు, గాలి నిండా ఘాటు. అద్దాలు ఎక్కించుకున్నా తుమ్ములు తప్పవు. ఇదివరకు మేమిద్దరం పోటీపడి తుమ్మేవాళ్లం. ఇప్పుడు నేను తుమ్మితే బండిలో చిరంజీవ అనేవాళ్లు లేరు. వినడానికి చిన్న మాటే. తుమ్మిన ప్రతిసారీ గుర్తొచ్చే మాట.

పెళ్లిళ్లలో ఆడవాళ్లు నన్ను కాకుండా నా వెనక చూసేవాళ్లు. "అమ్మగారు రాలేదాండీ?" అనేవాళ్లు. వస్తుందమ్మా అని చెప్పేవాణ్ని. దర్శిలో ఒక పెళ్లిలో సరిగ్గా సూత్రధారణ వేళకి, చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచి, "కామేశ్వరీ, అక్షింతలు" అని పిలిచాను. మండపమంతా మోగింది. పెళ్లికొడుకు స్నేహితులు ఈలలు వేశారు. అందరితో పాటు నేనూ నవ్వాను. కార్యం ముగిశాక వాళ్లు కట్టిచ్చిన పులిహోర మాత్రం కారులో కూర్చుని రెండు ముద్దలు తిని మళ్లీ కట్టేశాను.

మార్క్ దగ్గర గాలి పట్టించుకోవడానికి ఆగినప్పుడు అతను పక్క సీటు వంక చూశాడు. "ఖాళీయేగా పంతులుగారూ. స్టెప్నీ తెచ్చి ఇక్కడ పడేసుకోండి. చీమకుర్తి రోడ్డు సంగతి మీకు నేను చెప్పాలా? జిగురు తాడు అన్నిటికీ పనికిరాదండీ. టైరు పక్క చీలిందంటే మీ మంత్రాలు కూడా ఏం చేయలేవు."

"ఖాళీ ఏమిటి మార్కూ? అది అమ్మగారి సీటు."

"అమ్మగారు వచ్చేదాకానేలెండి."

"ఇంకెంత, వచ్చేస్తుంది."

అతను గాలి గొట్టం పీకి, బిరడా బిగించి, మాట మార్చాడు. నాకు అతని మీద కోపమొచ్చింది. ఒకసారి చక్రం ఆ సీట్లోకి ఎక్కితే ఆవిడ రాదని నేనే ఒప్పుకున్నట్టు కదా. అది మార్క్‌కి ఎలా చెప్పను?

రోజూ ఫోను చేసేవాణ్ని. చివర్లో, "ఎప్పుడొస్తున్నావ్?" అనేవాణ్ని. పిల్లకి జ్వరం తగ్గనీయండి అనేది. అన్నప్రాశన కానీయండి అనేది. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చింది. ఒక రోజు ఆవిడ గొంతులో కొత్త హుషారు వినిపించింది. ఆ అపార్టుమెంటులో ఆడవాళ్లు సాయంత్రాలు తన దగ్గర లలితా సహస్రనామం నేర్చుకుంటున్నారట. ఒకావిడైతే కుర్చీ తెచ్చుకుని మరీ అందరికంటే ముందొచ్చి కూర్చుంటుందట.

"ఇక్కడ నేర్చుకునేవాళ్లు లేరటే?" అన్నాను.

"అక్కడ నన్నెవరూ అడగలేదుగా" అంది. నిష్ఠూరం కాదు, ఉన్న మాట చెప్పింది. "మీరూ వచ్చేయకూడదూ?" అంది.

తిరుపతిలో పురోహితులకి కరువా? నా ఊళ్లు, నా ఇళ్లు, నేను పేరు పెట్టిన పిల్లలు ఇప్పుడు పెళ్లిపీటల మీద కూర్చుంటున్న ఈ చోటు వదిలి అక్కడ నేనేం చేయను? ఆ మాటే అన్నాను. "నిజమేలెండి" అంది.

ఫాల్గుణంలో అద్దంకి దాటాక ఒక పల్లెలో అంకమ్మరావు గారి అమ్మాయి హారిక పెళ్లి. రాత్రి ఎనిమిదింటికి లగ్నం. ఇంటి దగ్గరే మడి కట్టుకుని బయల్దేరాను. పొద్దు వాలేసరికి ఆ ఊరి పొలిమేరల్లో ఉన్నాను. రోడ్డుకి రెండు పక్కలా పరిచిన టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలే. అక్కడ స్టీరింగు ఎడమకి లాగడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ముందు టైరు సగం కూర్చుంది. పక్కకి తీసి పెట్టుకుందామంటే చోటు లేదు, అన్నీ కాయలే. రోడ్డు మధ్యలో వదిలేస్తే వెనక వచ్చే లారీ నా సంగతి చూస్తుంది. మళ్లీ ఎక్కి మెల్లగా దేకుతూ పట్టాల మధ్య ఎక్కడ ఖాళీ దొరుకుతుందా అని వెతుకుతున్నాను.

"ఏందయ్యో! కాయల మీదకి ఎక్కిస్తావా ఏంది బండి?" అంటూ కల్లంలోంచి ఒకావిడ చేట పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నా పంచె, పిలక చూసి గొంతు దించింది. "అయ్యో, పంతులుగారా! ఎవురో అనుకున్నా. ఏమైందండీ?"

"పంక్చరమ్మా. ఎనిమిదింటికి ముహూర్తం."

"హారిక పెళ్లికా! అమ్మో! ఉండండుండండి" అని ఒక పట్టా కొస పట్టుకుని కాయలతో సహా అవతలకి లాగేసి చోటు చేసింది. తన పేరు సుబ్బరావమ్మ అని, ఊరంతా పెళ్లికే పోయిందని, తనొక్కతే కాయలకి కాపలా ఉన్నానని నేను అడక్కుండానే చెప్పింది. ఈలోపు అంకమ్మరావు గారి ఫోను. "పంతులుగారూ, ఎందాకా వచ్చారండీ?" "ఊళ్లోకి వచ్చేసినట్టేనండీ" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఇక మడి సంగతి దేవుడెరుగు. స్టీరింగు పూర్తిగా తిప్పి టైరు బయటికి వచ్చేలా పెట్టి, డబ్బా తీసి కింద చతికిలబడ్డాను. వేలి గోరంత నల్లరాతి పలుకు, చీమకుర్తి నుంచి నాతోనే వచ్చింది. చీకటి పడుతోంది.

"నేను లైటు పట్టుకుంటానుండండి, సెల్లు ఉంది నా కాడ" అంది సుబ్బరావమ్మ.

"అక్కర్లేదమ్మా, నాకుంది" అని పట్టీ తలకి తగిలించి మీట నొక్కాను. మేకు పీకు, ఊచతో తోము అని రాగం తీసుకుంటూ మొదలుపెట్టాను.

ఆవిడ ఫక్కున నవ్వింది. "ఇదా! మా ఆయనకీ ఉందండీ. రాత్రి కరెంటొచ్చినప్పుడు చేనుకి నీళ్లు కట్టడానికి ఒక్కడే పోతాడు గదా, అందుకని కొనుక్కున్నాడు. పక్కన మనిషుంటే దీంతో పనేముంది? మీకెవురు కొనిచ్చారు?"

"మా ఆవిడ."

"మంచి పని చేసింది" అని చేట తీసుకుని కాయలు పోగు చేయడానికి వెళ్లిపోయింది.

ఊచ టైరులోనే ఉండిపోయింది. కామేశ్వరి రైలెక్కకముందే ఈ లైటు కొంది. పిల్లకి జ్వరం రాకముందు, అన్నప్రాశన మాట రాకముందు, కుర్చీ తెచ్చుకునే ఆవిడ ఎవరో తెలియకముందు. నేననుకున్నట్టు రెండు నెలల్లో తిరిగొచ్చే మనిషైతే, ఎవరినైనా కాస్త లైటు పట్టుకోమని అడగండి అని చెప్పి ఊరుకునేది. కామేశ్వరి నాకు రెండు నెలలకి కాదు, ఇక ముందంతటికీ సర్ది పెట్టి వెళ్లింది. నేను ఆ పట్టీ కట్టుకుని వసారాలో గంతులేస్తుంటే ఆవిడ కళ్లంట వచ్చిన నీళ్లు నవ్వువేనా అని ఇప్పుడు అనుమానమొచ్చింది. మిరప ఘాటు అని చెప్పుకోవచ్చు గానీ, కాదు. ఏడ్చాను. ఏడుస్తూనే తాడు గుచ్చి, లాగి, తోక కోశాను. లగ్నం దగ్గర పడుతోంది.

గాలి మిషను తగిలించి, అది గడగడమంటుంటే ఆవిడకి ఫోను చేశాను.

"ఆ చప్పుడేమిటండీ? పంక్చరా?"

"అయిపోయింది. గాలి ఎక్కుతోంది."

"లైటు ఎవరు పట్టుకున్నారు?"

"నా తలకే ఉంది."

అవతల మనవరాలి కేరింతలు వినపడ్డాయి. "సరిపోయిందా?" అంది.

"సరిపోయింది కామేశ్వరీ."

రోజూ అడిగే మాట నోటి దాకా వచ్చింది. దాన్ని మింగి, ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగాను. "నీకు అక్కడ బావుందా?"

"బావుందండీ" అంది. "ఏమనుకోకండి."

"ఏమనుకుంటాను?"

మిషను దానంతటదే ఆగింది. "గాలి పట్టింది. ఉంటాను మరి" అన్నాను.

"స్నానం చేసి వెళ్లండి. డబ్బా అడుగున చూశారా?" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

అప్పుడు చూశాను. ప్లాస్టిక్ కవరులో ఉతికి మడత పెట్టిన పంచె, ఉత్తరీయం, ఒక చిన్న చెంబు. కల్లం పక్కన బోరు దగ్గర ఆ చెంబుతో తల మీద నీళ్లు పోసుకుని, కారు చాటున పంచె మార్చుకుని పరుగు తీశాను. ముహూర్తం తప్పలేదు. హారిక మెళ్లో సూత్రం పడింది. అక్షింతలు నేనే అందుకున్నాను.

మర్నాడు పొద్దున చామంతికి నీళ్లు పోసి, కుండీని ఎత్తి గట్టు మీద పెట్టాను. చక్రం మీద కుండీ అడుగు గుండ్రంగా మరక కట్టి ఉంది. రెండు బకెట్లు పోసి కడిగాను. దొర్లించుకుంటూ కారు దాకా తెచ్చి కాసేపు నిలబడ్డాను. వెనక సీట్లో ఎప్పటిలాగే మడి బట్టలున్నాయి. ముందు తలుపు తీసి, నడుముకి ఆనించుకోవడానికి కామేశ్వరి పెట్టుకునే చిన్న దిండు తీసి ఇంట్లో మంచం మీద పెట్టి వచ్చాను. తర్వాత చక్రం ఎత్తి ఆ సీట్లో కూర్చోబెట్టాను.

వీధి మలుపు తిరిగానో లేదో, బండి కుయ్ కుయ్ మని మొదలుపెట్టింది. పక్క సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదట. కాసేపు ఓర్చుకున్నాను. అది ఆగదు. మార్క్ కొట్టు ముందు బండి ఆపాను. అతను టైరు చేతిలో పట్టుకుని నన్ను, సీటుని చూసి లోపలికి వెళ్లాడు. నేను ఒంగి, బెల్టు లాగి, చక్రం చుట్టూ తిప్పి, టక్కున పెట్టాను. బండి ఊరుకుంది. చీమకుర్తి దాటేదాకా నేను అటు చూడలేదు.